ఈ మాట నమ్మి ఎవరేం చేస్తారు?

పెళ్ళి సంబంధం ఖాయం చేసుకునే ముందు మన శ్రీకాకుళం వైపు వాకబు చేస్తారు. అమ్మాయి తరఫువాళ్ళు అబ్బాయి ఊరొచ్చి, నేరుగా ఇంటికి వెళ్ళకుండా వీధి చివర కిరాణా కొట్టు దగ్గర ఆగుతారు. ఓ సోడా తాగుతూ, "కుర్రోడు ఎలాంటోడు బాబూ? తాగుడు గీగుడు ఏటైనా ఉందేటి?" అని అడుగుతారు. కొట్టాయనకు అంతా తెలుసు. సాయంత్రమైతే ఆ కుర్రాడు ఏ దారిన ఎలా వస్తాడో రోజూ చూస్తూనే ఉంటాడు. ఆ ఇంటివాళ్ళు తన దగ్గరే ఖాతా పెట్టి సరుకులు తీసుకుంటారన్నదీ ఆయన మనసులో ఉంటుంది. "మంచి కుటుంబమండీ, వాళ్ళ నాన్నగారు చాలా పద్ధతైన మనిషి" అంటాడు.

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కుటుంబం మంచిదే, తండ్రి పద్ధతైన మనిషే. కానీ వాళ్ళు అడిగింది కుర్రాడి గురించి.

మాటల్లో నీతి అనగానే మనకు బడిలో నేర్పిన "అబద్ధమాడరాదు" గుర్తొస్తుంది. కొట్టాయన ఆ గీత దాటలేదు. అయినా ఆయన మాట పట్టుకుని ఒక ఇంట్లో ముహూర్తం పెట్టేస్తారు, అప్పు చేస్తారు, పిల్లని పంపేస్తారు. కాబట్టి నిజమా అబద్ధమా అన్న లెక్క ఒక్కటే చూసుకుంటే సరిపోదు. రోజువారీ మాటల్లో మనల్ని ఇబ్బంది పెట్టే సందర్భాలు ఏవి తీసుకున్నా, వాటి అడుగున ఇంకో ప్రశ్న ఉంటుంది. ఈ మాట నమ్మి ఎవరు ఏ పని చేయబోతున్నారు? ఆ పని ఫలితం ఎవరి నెత్తిన పడుతుంది? మాట చెప్పేవాడి నెత్తిన పడేది చాలా తక్కువ. ఈ వ్యాసం మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు అని మనకో సామెత ఉంది. దీనికి పెద్దల అండ కూడా చూపిస్తారు. వామనుడికి మూడడుగుల నేల ఇస్తానని బలి మాటిచ్చినప్పుడు, ఆ మాట వెనక్కి తీసుకోమని శుక్రాచార్యుడు చెప్తూ, పెళ్ళి విషయంలో, ప్రాణం, ధనం, మానం పోయేటప్పుడు బొంకినా పాపం లేదంటాడు. ఆ పద్యం నోటికొచ్చినవాళ్ళు ఇప్పటికీ ఊరికి ఒకరైనా ఉంటారు. బలి ఆ సలహా వినలేదన్న సంగతి మాత్రం ఎవరూ గుర్తు చెయ్యరు. నా మట్టుకు, ఆ జాబితాలో పెళ్ళిని చేర్చడమే అన్నిటికంటే పెద్ద అన్యాయం. మిగిలిన సందర్భాల్లో బొంకేవాడు తనను తాను కాపాడుకుంటున్నాడు. పెళ్ళి దగ్గర బొంకేవాడు ఇంకొకరి బతుకుని పణంగా పెడుతున్నాడు. ఆ సామెతను పెళ్ళికూతురి వైపు నిలబడి అన్నవాళ్ళు నాకింతవరకు కనపడలేదు.

మాట్లాడకుండా ఊరుకుంటే తప్పేమిటని కూడా అంటారు. ఈ విషయంలో మన దేశపు కాంట్రాక్టు చట్టం మంచి తేడా చూపిస్తుంది. 1872 నాటి చట్టం అది. 17వ సెక్షన్‌లో మోసం అంటే ఏమిటో చెప్తూ, ఒట్టి మౌనం మోసం కాదంటుంది. మాట్లాడాల్సిన బాధ్యత ఉన్నచోట ఊరుకుంటేనే అది మోసమవుతుంది. దానికి ఉదాహరణగా గుర్రాన్ని అమ్మే మనిషిని తీసుకుంది. లోపమున్న గుర్రాన్ని వేలంలో అమ్ముతూ ఏమీ చెప్పకపోతే మోసం కాదు. కొనేది అతని కూతురే, అప్పుడే మేజర్ అయిన పిల్ల అయితే, చెప్పి తీరాల్సిన బాధ్యత అతని మీద ఉంటుంది. మూడో ఉదాహరణలో కొనేవాడు, "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను" అంటాడు, అమ్మేవాడు ఊరుకుంటాడు. అక్కడ ఆ మౌనం మాటతో సమానం అంటుంది చట్టం.

వాకబు దగ్గర జరిగేది సరిగ్గా ఈ మూడోదే. "మీరేం అనలేదంటే అంతా బాగున్నట్టే కదండీ" అన్నాక నవ్వి ఊరుకుంటే, అంతా బాగుందని నోటితో చెప్పినట్టే. కొట్టాయన మీద ఏ కేసూ పడదు. 1955 హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం అవతలి మనిషికి సంబంధించిన ముఖ్య విషయం దాచి మోసంతో ఒప్పించిన పెళ్ళిని రద్దు చేయమని కోర్టుకు వెళ్ళొచ్చు. కానీ ఆ గొడవ దంపతుల మధ్యది. పక్కింటి సాక్షి దాకా చట్టం రాదు. చట్టం రానిచోటే మనిషికి నీతితో ఎక్కువ పని పడుతుంది.

మరి కొట్టాయన ఏం చెయ్యాలి? ఉన్నదంతా కక్కేసి ఊళ్ళో పగ తెచ్చుకోమని నేననను. ఆయన ముందు ఇంకో దారి ఉంది. "ఆ సంగతి నన్నడక్కండి, ఆ ఇంట్లోవాళ్ళనే సూటిగా అడగండి" అనొచ్చు. మన ఊళ్ళలో ఈ ఒక్క మాట చాలు, వచ్చినవాళ్ళు ఇంకో నాలుగిళ్ళు తిరిగి కనుక్కుంటారు. చెప్పదలుచుకుంటే, కళ్ళారా చూసిందే చెప్పి, విన్నదాన్ని వదిలెయ్యాలి. "మొన్న సంక్రాంతికి తాగి గొడవ పడుతుంటే చూశాను" అనడానికీ, "ఆడొట్టి తాగుబోతు" అనడానికీ చాలా దూరముంది. మొదటిది వాళ్ళు తూకం వేసుకోగలిగిన సమాచారం. రెండోది ఈయన వేసేసిన తీర్పు.

అలాగని నిజం చెప్తే చాలు, నీతి దానంతటదే వచ్చేస్తుందనుకోవడానికీ లేదు. భారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెప్తాడు. ఎప్పుడూ నిజమే చెప్తానని వ్రతం పట్టిన తపస్వి ఆయన. దొంగలకు భయపడి కొందరు అడవిలోకి పారిపోతారు. వెనకే వచ్చిన దొంగలు వాళ్ళెటు వెళ్ళారని అడిగితే, కౌశికుడు ఉన్నది ఉన్నట్టు దారి చూపిస్తాడు. పారిపోయినవాళ్ళు చచ్చారు, ఈయన నరకానికి పోయాడు. జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1797లో దాదాపు ఇదే సందర్భం మీద ఒక వ్యాసం రాశాడు. ఇంట్లో దాక్కున్న మనిషి కోసం హంతకుడు వచ్చి అడిగినా అబద్ధం చెప్పే హక్కు మనకు లేదని తేల్చాడు. ఒక్కసారి అబద్ధానికి తలుపు తీస్తే, మాట మీద నమ్మకం అనే పునాదే కదిలిపోతుందని ఆయన భయం. ఆ భయాన్ని నేను తీసిపారేయను. కానీ ఈ రెండింటిలో నాకు కృష్ణుడి వైపే న్యాయం కనిపిస్తుంది. కౌశికుడు తన వ్రతం గురించి ఆలోచించాడు, మాట విన్నవాళ్ళు దానితో ఏం చేస్తారో ఆలోచించలేదు.

అయితే కౌశికుడి కథను అడ్డం పెట్టుకుని ప్రతి అబద్ధాన్నీ మంచికోసమే అనుకోవడం మొదలుపెడితే ఇంకో గోతిలో పడతాం. ఆ గొయ్యి ఎంత లోతో చూడాలంటే ఉద్దానం వెళ్ళాలి.

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్ళు. ఏళ్ళ తరబడి అక్కడ కిడ్నీ జబ్బు మనుషుల్ని తినేస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులేసి తాగునీళ్ళు ఇచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. ఇవన్నీ పేపర్లో వచ్చే విషయాలు. రిపోర్టు చేతికొచ్చిన రోజు ఇంట్లో జరిగేది పేపర్లో రాదు.

రిపోర్టు సాధారణంగా కొడుకు తీసుకుంటాడు. తండ్రి బయట బెంచీ మీద కూర్చుని ఉంటాడు. కిడ్నీలు సరిగ్గా పనిచెయ్యకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువుంది. "నాయినకి సెప్పకండి సార్, బెంగెట్టేసుకుంటాడు" అంటాడు కొడుకు. డాక్టరు గారు తలూపుతారు, వెనక ఇంకా అరవై మంది ఉన్నారు. ఇంటికెళ్ళే ఆటోలో తండ్రి అడుగుతాడు, "ఏటన్నారు?" కొడుకు ఆటో బయటకు చూస్తూ, "ఏం లేదు నాయినా, కాస్త రక్తం తక్కువుందట" అంటాడు.

ఆ కొడుకుని నేను తప్పుపట్టలేను. ఆ మాట వెనక ఉన్నదంతా ప్రేమే. కానీ ఆ మాట నమ్మి తండ్రి ఏం చేస్తాడో చూడండి. మర్నాడు తోటలోకి వెళ్తాడు. నడుం పట్టేస్తే సాయంత్రం కొట్లో నొప్పుల బిళ్ళ కొనుక్కుని వేసుకుంటాడు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్ళలు పాడైన కిడ్నీని ఇంకా త్వరగా పాడు చేస్తాయి. రక్తం తక్కువైనవాడికి ఆ బిళ్ళ మానెయ్యాలని ఎందుకు తోస్తుంది? రాత్రి అన్నంలోకి ఎండుచేప అడుగుతాడు. ఉప్పు తగ్గించి వండితే విసుక్కుంటాడు. బీపీ బిళ్ళ ఒకరోజు వేసుకుని రెండు రోజులు మానేస్తాడు. క్రియాటినిన్ పెరిగినట్టు తెలిసేసరికే కిడ్నీల పనితనం సగం దాకా పోయి ఉంటుంది. మిగిలిన సగాన్ని ఎన్నేళ్ళు నిలుపుకోవచ్చన్నది బీపీ, ఉప్పు, ఆ బిళ్ళల మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. అంటే వైద్యంలో పెద్ద భాగం రోగి చేతిలోనే ఉంది. అతని చేతిలోంచి దాన్ని తీసేసింది ఆ చిన్న అబద్ధం.

ఒంటి సంగతి ఒక్కటే అయితే ఇంట్లోవాళ్ళు మందులు చాటుగా ఇచ్చి నడిపించొచ్చేమో. కానీ ఆయన ఇంకా చాలా నిర్ణయాలు తీసుకునే మనిషి. చిన్నకూతురి పెళ్ళి ఈ ఏడు చెయ్యాలా, వచ్చే ఏడు చెయ్యాలా అని చూసుకుంటున్నాడు. అన్నదమ్ములతో పొలం పంపకం తేల్చుకోవాలి. ఇంకో ఎకరం కౌలుకి తీసుకుందామని మాట్లాడుతున్నాడు. ఎవరికో చెప్పాల్సిన మాటలు ఉంటాయి. వీటన్నిటికీ ఆయన దగ్గర ఉన్న కాలం లెక్క తప్పు. ఆ తప్పు లెక్క ఇచ్చింది కన్నకొడుకే.

ఇంకో మాట. సోంపేట, పలాస డయాలసిస్ సెంటర్లకు వారానికి రెండు మూడు సార్లు వెళ్ళొచ్చే మనుషుల్ని చూస్తూ బతికే ఊరది. తనకేమైందో ఆయనకు నిజంగా తెలీదా? చాలాసార్లు తెలుస్తుంది. కూరలో ఉప్పు తగ్గినప్పుడు తెలుస్తుంది. కోడలు గొంతు తగ్గించి మాట్లాడినప్పుడు తెలుస్తుంది. తెలిసిందని చెప్తే కొడుకు బాధపడతాడని ఆయనా ఊరుకుంటాడు. అప్పుడు ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరికోసం ఒకరు నటిస్తూ, భయాన్ని ఎవరికి వాళ్ళు మోసుకుంటారు. బెంగ పెట్టుకోకూడదని మొదలైన మాట, బెంగను పంచుకునే వీలు లేకుండా చేసింది.

డాక్టర్ల వైపు నుంచి చూస్తే నియమాలు ఉన్నాయి. 2002లో భారత వైద్య మండలి తెచ్చిన నైతిక నియమావళి, రోగి పరిస్థితి తీవ్రతను పెంచీ చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదు అంటుంది. అక్కడితో ఆగితే బాగుండేది. రోగికో, బంధువులకో, బాధ్యతగల స్నేహితులకో, రోగికీ కుటుంబానికీ మేలు చేసేంత సమాచారం తెలిసేలా చూడాలని కలిపింది. ఆ "బంధువులకో" అన్నచోటే కొడుకు ముందుకొస్తాడు, తండ్రి బెంచీ మీద ఉండిపోతాడు. 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు ఇక్కడ గుర్తు చేసుకోవాలి. పరీక్ష కోసం మత్తిచ్చిన మహిళకు, ఆమె తల్లి సంతకం తీసుకుని పెద్ద ఆపరేషన్ చేసేశారు. అప్పటికప్పుడు చెయ్యకపోతే ప్రాణం పోయే పరిస్థితి కాదు. మేజర్ అయిన, తెలివిలో ఉంటే తానే నిర్ణయించుకోగల మనిషి బదులు తల్లి ఒప్పుకుంటే చెల్లదని, పరీక్షకు ఇచ్చిన ఒప్పుకోలు ఆపరేషన్‌కి పనికిరాదని కోర్టు తేల్చింది. ప్రేమ ఉన్నంత మాత్రాన ఇంకొకరి ఒంటి మీద సంతకం పెట్టే హక్కు రాదన్నమాట.

అలాగని అందరికీ అన్నీ మొహం మీదే చెప్పెయ్యాలా? కొందరు నిజంగానే వినలేరు, వినాలని కోరుకోరు. "నాకేం చెప్పొద్దు, ఏం చెయ్యాలో మా అబ్బాయికి చెప్పండి" అనే హక్కు కూడా రోగిదే. తేడా ఏమిటంటే, ఆ మాట ఆయన అనాలి, ఆయన తరఫున ఇంకొకరు అనేయకూడదు. 2000లో అమెరికా, కెనడా డాక్టర్లు క్యాన్సర్ రోగులకు చెడు కబురు చెప్పడానికి ఆరు మెట్ల పద్ధతి ఒకటి రాశారు, స్పైక్స్ అంటారు. కూర్చోబెట్టాలి, ఇప్పటికి ఏం తెలుసో అడగాలి, ఎంత తెలుసుకోవాలనుందో అడగాలి, ఆ తర్వాతే చెప్పాలి, ఏడిస్తే ఏడవనివ్వాలి, చివర ఏం చేద్దామో మాట్లాడాలి. మన భాషలో ఇది పెద్ద కష్టం కాదు. "పెద్దాయనా, రిపోర్టు వచ్చింది. వివరంగా మీకు చెప్పమంటారా, మీ అబ్బాయికి చెప్పమంటారా?" ఇదో అర నిమిషం పని. అరవై మంది లైన్లో ఉన్నా కుదిరే పనే. పెద్దాయన "నాకే సెప్పండి" అంటే కొడుకు గుండె మీది బరువు కూడా దిగుతుంది.

ఇదే ఉద్దానంలో ఇంకోరకం మాట కూడా తిరుగుతుంది. "మూడు నెలల్లో క్రియాటినిన్ దించేస్తాం" అంటూ పొట్లాలు కట్టిచ్చేవాళ్ళది. కొడుకు అబద్ధం ప్రేమలోంచి వచ్చింది కాబట్టి దాన్ని విప్పి చూడటానికి ఇంత చోటు పట్టింది. వీళ్ళ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మనిషి ఆశని సరుకుగా అమ్ముకుంటున్నారు, ఆ మూడు నెలల్లో వాడాల్సిన మందులు మాన్పిస్తున్నారు.

ఇక నిజమే అయినా మనం చెప్పకూడని మాటలు. ఆ తండ్రి రిపోర్టు సంగతి ల్యాబ్‌లో పనిచేసే కుర్రాడికి తెలుసు. అతను ఇంటికెళ్ళి భార్యకు చెప్తాడు, "నీ దగ్గరే ఉంచుకో" అని కలుపుతాడు. వారం తిరిగేసరికి ఆ ఇంటి పిల్లకు వచ్చిన సంబంధం వెనక్కి పోతుంది. ఎవరూ అబద్ధమాడలేదు. కానీ ఆ నిజం ల్యాబ్ కుర్రాడిది కాదు. తన దగ్గరున్నది ఇంకొకరు దాచుకోమని ఇచ్చిన సొమ్ములాంటిది. ఎయిడ్స్ విషయంలో ఈ నష్టం ఎంత పెద్దదో గుర్తించే, 2017లో వచ్చిన చట్టం ఒక మనిషి హెచ్‌ఐవీ స్థితిని అతని ఒప్పుకోలు లేకుండా బయటపెట్టడాన్ని నిషేధించింది. మిగిలిన జబ్బులకూ మనసులో అదే కొలత పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు.

ఇక్కడ మొదట చెప్పిన వాకబు సంగతితో ఒక చిక్కు వస్తుంది. పెళ్ళికొడుకు తాగుడు గురించి చెప్పాలన్నప్పుడు, పెళ్ళికూతురి తండ్రి జబ్బు గురించి మాత్రం ఎందుకు చెప్పకూడదు? నేను చూసేది ఇలా. భర్త తాగొస్తే ఆ అమ్మాయి రోజూ దాని కింద బతకాలి, అది ఆమెకు నేరుగా తగిలే విషయం. తండ్రి కిడ్నీ జబ్బు ఆ పిల్ల కాపురానికి అడ్డమేమీ కాదు. అది బయటపడితే జరిగేదల్లా ఊరి భయానికి ఆ పిల్ల బలవడం. రెండూ నిజాలే, రెండిటినీ నమ్మి జరిగే పనులు వేరు. ఈ గీత ఎప్పుడూ ఇంత స్పష్టంగా ఉండదు, ఒప్పుకుంటాను. పెళ్ళికొడుక్కే జబ్బు ఉంటే? అప్పుడు ఆ సంగతి చెప్పాల్సినవాడు అతనే, పెళ్ళికి ముందే. ఊరికి కాదు, ఆ అమ్మాయికి.

ఇప్పటిదాకా ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడే మాటల గురించి చెప్పుకున్నాం. ఫోన్ చేతికొచ్చాక వినేవాడి మొహం కనపడటం మానేసింది. చిక్కంతా అక్కడే పెరిగింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఏళ్ళ నాటి కొబ్బరి చెట్లు, జీడి తోటలు కూలిపోయాయి. ఊళ్ళకు ఊళ్ళే కరెంటు లేక చీకట్లో ఉండిపోయాయి. వంశధార పొంగింది. అలాంటి రాత్రి ఒక గ్రూపులోకి, "గొట్టా బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు, వెంటనే ఖాళీ చేయండి" అని ఒక వీడియోతో మెసేజ్ వచ్చిందనుకోండి. అది ఏ ఏడాది వీడియోనో, ఏ నదిదో తెలీదు. పంపేవాడు మంచి మనసుతోనే, "ఎందుకైనా మంచిది" అని పంపుతాడు. అందుకున్న ఇంట్లో ఒక బాలింత ఉంటుంది, మంచాన పడ్డ ముసలమ్మ ఉంటుంది. వానలో, కూలిన స్తంభాల మధ్య, తెగిన కరెంటు తీగల మధ్య వాళ్ళు రోడ్డెక్కుతారు. పంపినవాడు దుప్పటి కప్పుకుని పడుకునే ఉంటాడు. పొద్దున్నే అది ఉత్తదని తేలుతుంది. రెండో నష్టం ఆ తర్వాత వస్తుంది. ఈసారి వీఆర్వో నిజంగానే వచ్చి కదలమంటే ఎవరూ కదలరు.

ఈ విషయంలో మన పోర్టుల పద్ధతి చూసి నేర్చుకోవాల్సింది ఉంది. తుపాను వచ్చినప్పుడల్లా "కళింగపట్నం, భీమునిపట్నం పోర్టుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని వార్తల్లో వింటాం. ఈ నంబర్లు 1 నుంచి 11 దాకా ఉంటాయి. ఎనిమిది, తొమ్మిది, పది అంటే మహా ప్రమాదం. పదకొండు అంటే దానికంటే పెద్ద గాలి అని చాలామంది అనుకుంటారు. కాదు. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం ప్రమాదకరంగా ఉండొచ్చని ఇక్కడి అధికారి అనుకుంటున్నారు అని దాని అర్థం. అంటే మాకు కబురు అందడం లేదని చెప్పడానికే ఒక నంబరు పెట్టుకున్నారు. తెలియనప్పుడు తెలియదని, తమ అంచనా అయితే అంచనా అని, అది కూడా అందరికీ కనపడేలా చెప్పడం ఇది. మన గ్రూపుల్లో కరువైన మాట ఇదే. "నేను చూడలేదు, మా బావమరిది పంపాడు, నిజమో కాదో తెలీదు" అని ఒక్క ముక్క రాసి పంపితే, అందుకున్నవాళ్ళు దాన్ని ఆ మేరకే నమ్ముతారు. ఉద్దానం జబ్బుకు కారణం తేలకుండానే "నీళ్ళే కారణం", "ఎరువులే కారణం" అని ఖాయంగా చెప్పేవాళ్ళకూ నేను ఇదే చెప్తాను. ఇంకా తేలలేదన్నది కూడా సమాచారమే. అది లేకపోతే మనుషులు ఒక్క కారణాన్ని పట్టుకుని మిగిలిన జాగ్రత్తలన్నీ వదిలేస్తారు.

వాట్సాప్ కంపెనీ కూడా ఈ దారిలో కొంత చేసింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు వచ్చారన్న పుకార్లతో దేశంలో చాలాచోట్ల మనుషుల్ని కొట్టి చంపాక, 2018లో ఫార్వర్డ్ అని గుర్తు పెట్టి, ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా మన దేశంలో కట్టడి చేసింది. 2020 ఏప్రిల్ నుంచి, చాలా చేతులు మారి రెండు బాణాల గుర్తు పడ్డ మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. చట్టం వైపు చూస్తే, జనంలో భయాందోళన పుట్టించే తప్పుడు ప్రచారానికి 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ ఉంది. కానీ రాత్రి పదకొండింటికి ఫార్వర్డ్ బటన్ మీద వేలు పెట్టినప్పుడు ఏ సెక్షనూ గుర్తు రాదు. ఆ బాలింత గుర్తొస్తే చాలు.

చివరగా, మాట అర్థం కావడం. నీతి గురించి మాట్లాడేటప్పుడు దీన్ని అందరూ వదిలేస్తారు. నాకైతే ఇదే అన్నిటికంటే ముఖ్యం. అర్థం కాని భాషలో చెప్పిన నిజం వినేవాడికి ఎందుకూ పనికిరాదు, చెప్పేవాడికి మాత్రం "నేను చెప్పాను కదా" అనే రక్షణ దొరుకుతుంది. ఈ అన్యాయాన్ని మన గడ్డ మీద ముందుగా పట్టుకున్నవాళ్ళలో గిడుగు రామమూర్తి ఒకరు. 1863లో ఇప్పటి శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, సవర గిరిజనుల పిల్లలకు వాళ్ళకు రాని భాషలో చదువు చెప్పడమేమిటని తానే సవర నేర్చుకున్నారు, వాళ్ళ భాషలో బడులు నడిపించారు. తెలుగు విషయంలోనూ జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని 1940లో కన్నుమూసేదాకా పోరాడారు. మనం దాన్ని భాషోద్యమం అని పుస్తకాల్లో పెట్టేశాం. నాకది నీతి ఉద్యమంలా కనిపిస్తుంది. చదువు అందాల్సిన పిల్లవాడి వైపు నుంచి ఆయన ఆలోచించారు.

ఆయన పోయి ఎనభై ఏళ్ళు దాటినా, మన యాస వింటే నవ్వేవాళ్ళు తగ్గలేదు. సినిమాల్లో మన యాసను నవ్వించే పాత్రలకు ఇచ్చారు. అది చూసి పెరిగిన ఉద్యోగి కౌంటర్ అవతల కూర్చుని, "ఏటి బాబూ" అన్న ముసలమ్మను చూసి పెదవి విరుస్తాడు. వయసులో తల్లంత మనిషిని "ఏమ్మా, నీకెన్నిసార్లు చెప్పాలి" అని గదమాయిస్తాడు. ఒకసారి అలా జరిగాక ఆమె మళ్ళీ ప్రశ్న అడగదు. ఏం చెప్పినా "సరే బాబూ" అంటుంది. ఆ "సరే"లో ఒప్పుకోలు లేదు, అక్కడినుంచి త్వరగా బయటపడాలన్న తొందర ఉంది. సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన సవర ఆడమనిషి అయితే ఆ "సరే" కూడా అనదు, తలూపుతుంది.

ఒప్పుకోలు అంటే ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకోవడం అని ఆ 1872 కాంట్రాక్టు చట్టమే 13వ సెక్షన్‌లో చెప్పింది. మన దస్తావేజుల చివర "చదివి వినిపించగా విని, సమ్మతించి వేలిముద్ర వేసితిని" అని ఉంటుంది. ఎంత మంచి వాక్యమో! ఎవరో ఎప్పుడో ఎంతో ఆలోచించి, చదువురాని మనిషిని కాపాడటానికి పెట్టిన వాక్యం. ఇప్పుడు అది కంప్యూటర్‌లో ముందే టైపై ఉంటుంది, ఎవరూ చదవకుండానే వేలిముద్ర పడిపోతుంది. అక్కడున్న అబద్ధాన్ని అబద్ధమని కూడా ఎవరూ అనుకోరు.

దీనికి ఆసుపత్రుల్లో వాడే పద్ధతి ఒకటుంది. అర్థమైందా అని అడగరు, అలా అడిగితే అందరూ అయిందనే అంటారు. విన్నది వాళ్ళ మాటల్లో తిరిగి చెప్పమంటారు. రుణం కాయితమైనా, ఆపరేషన్ ఒప్పుకోలు అయినా, భూముల రీసర్వే నోటీసు అయినా ఇదే చేయొచ్చు. "అమ్మా, ఇంటికెళ్ళాక ఈ కాయితం గురించి మీ అబ్బాయి అడిగితే ఏం చెప్తారు?" అని అడగాలి. పొలం ఎంతుందని రాశారో, హద్దులు ఎక్కడ చూపించారో, అభ్యంతరం ఉంటే ఎవరికి చెప్పుకోవాలో ఆమె తన మాటల్లో చెప్పగలిగితే వేలిముద్ర వేయించుకోవచ్చు. చెప్పలేకపోతే కాయితం మళ్ళీ మొదటినుంచి చదవాలి, వెనక లైను ఎంత పొడుగున్నా సరే.